నాయినకు మతిమరుపు వచ్చిందా, చెవులు వినబడటం లేదా? ఎట్లా తేల్చుకోవాలి?

డిండివాగు
8 జూన్, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను ఎల్బీనగర్‌లో ఉంటాను. ఊళ్లో అమ్మా నాయిన, పక్కింట్లోనే తమ్ముడూ మరదలూ. నాయినకు 74 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు ఇరవై ఏళ్లకు పైగా కంప్రెషర్ బండి వెంట తిరిగాడు. బావులు తవ్వే పని. రాయికి తూట్లు పొడవడం, తూటాలు పెట్టి పేల్చడం. తర్వాత వ్యవసాయం, కొంచెం బత్తాయి తోట.

ఏడాదిన్నరగా మనిషి మారిపోయాడు. ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతాడు. మొన్న మరదలు "మామా, పప్పు ఎయ్యాల్నా?" అని అడిగితే "తప్పెవరిదైతేంది, ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. పిల్లలతో సహా అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కంచం పక్కన పెట్టి వాకిట్లోకి పోయాడు.

ముందు రోజూ హోటల్ కాడికి పోయి పేపర్ చదివి, నాలుగు ముచ్చట్లు మోసుకొచ్చేవాడు. ఇప్పుడు పోవడం మానేశాడు. ఆదివారం పెళ్లి అని చెప్పినా శనివారమే తయారై కూర్చున్నాడు. టీవీ మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. ఊళ్లో "పెద్దమనిషికి మతి తప్పుతుంది" అంటున్నారు. తమ్ముడు నేరుగా న్యూరో డాక్టర్ దగ్గరకు తీసుకుపోదాం అంటున్నాడు. మీలో ఎవరికైనా ఇది ఎదురైందా? ముందు ఏ డాక్టర్ దగ్గరకు పోవాలి?

సూర్యాపేట_సారు
8 జూన్, రాత్రి 10:47

పప్పు, తప్పు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని, నాకు ఇక్కడే దొరికింది. రెండు మాటల్లో తేడా ఒక్క మొదటి హల్లే. అచ్చులన్నీ సరిగ్గానే విన్నాడు మీ నాయిన, హల్లు ఒక్కటే జారిపోయింది. మతి తప్పినవాడు అంత ప్రాసగా జవాబు చెప్పడు. నవ్వులాటకు అనడం లేదు. ముందు చెవులు చూపించండి.

చెవిమాట
9 జూన్, ఉదయం 7:20

సారు గారు చెప్పింది సరైనదే. నేను నల్లగొండలో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. వారానికి ఇలాంటి కుటుంబాలు నలుగురైదుగురు వస్తారు. "మా అమ్మకు వినబడుతుంది మేడం, కావాలనే పలకదు" అనేది ఎక్కువగా వినే మాట.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు శబ్దాన్ని పట్టి నరానికి అందిస్తాయి. గుడి మెట్లలో మొదటి మెట్టే ముందు అరిగినట్టు, కాక్లియాకు గుమ్మంలో ఉన్న కణాలు ముందు దెబ్బతింటాయి. సన్నటి, కీచు శబ్దాలను పట్టేవి అవే. ఒకసారి పోతే మళ్లీ మొలవవు. క, చ, ట, త, ప, స, ష లాంటి హల్లుల బలమంతా ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంటుంది. ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు లావుపాటి శబ్దాలు, అవి చివరిదాకా వినబడుతూనే ఉంటాయి. అందుకే ఆయనకు మీరు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఆడపిల్లల, చిన్నపిల్లల గొంతులు ఇంకా కష్టం.

రాయి తూట్లు పొడిచే యంత్రం పక్కన శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 దాటిన చోట రోజుకు ఎనిమిది గంటలు ఉన్నా చెవికి ముప్పే. మీ నాయిన చెవిలో దూది కూడా పెట్టుకుని ఉండరు. వయసుతో వచ్చేది కొంత, పని వల్ల వచ్చినది ఎక్కువ అయ్యుంటుంది. పరీక్ష చేస్తే గ్రాఫులోనే కనిపిస్తుంది, చప్పుడు వల్ల పోయిన చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంత పడుతుంది.

గద్వాల_జరీ
9 జూన్, ఉదయం 9:05

వయసు మీద పడితే చెవుడు రాకుండా ఉంటుందా? మా తాతకూ వచ్చింది, ఆయన 90 దాకా బతికాడు. దీనికి ఇంత టెన్షన్ ఎందుకన్నా? అయినా ఇప్పుడు చెవి మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రానే రాదని ఒక వీడియో వచ్చింది. కొనిచ్చెయ్, రెండూ అయిపోతాయి.

నల్లమల_డాక్టర్
9 జూన్, మధ్యాహ్నం 1:30

అచ్చంపేట వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్నాను. ఆ వీడియో సంగతి చెబుతాను, ఎందుకంటే మా ఓపీలో కూడా చూపిస్తున్నారు.

చెవుడుకూ మతిమరుపు జబ్బుకూ (డిమెన్షియా) సంబంధం ఉందన్నది నిజం. అమెరికాలో బాల్టిమోర్‌లో 639 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో ఒక అధ్యయనం వేశారు. మామూలుగా వినబడేవాళ్లతో పోలిస్తే కొంచెం చెవుడు ఉన్నవాళ్లలో డిమెన్షియా సుమారు రెండింతలు, మధ్యరకం ఉన్నవాళ్లలో మూడింతలు, తీవ్రంగా ఉన్నవాళ్లలో ఐదింతలు కనిపించింది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు మనం మార్చుకోగల కారణాలు 14 అని జాబితా వేసింది. అందులో వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్ చెరి 7 శాతంతో పైన ఉన్నాయి, అంటే వాటిలో ఒక్కోటి లేకపోతే డిమెన్షియా కేసులు వందకు ఏడు తగ్గొచ్చని. ఇది జనం మొత్తానికి వేసిన లెక్క. మీ నాయినకు 7 శాతం అని కాదు.

మిషన్ పెడితే జబ్బు రాదా అంటే, అంత గట్టిగా చెప్పలేం. 2023లో అచీవ్ అనే పరీక్ష ఫలితం వచ్చింది. 70 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 977 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు చెవి మిషన్లు ఇచ్చి మూడేళ్లు చూశారు. మొత్తం మీద రెండు గుంపులకూ తేడా తేలలేదు. కానీ బీపీ, షుగరు లాంటివి ఎక్కువగా ఉండి ముందే ముప్పులో ఉన్నవాళ్లలో మిషన్ పెట్టుకున్నవారికి బుద్ధి మందగించడం 48 శాతం తగ్గింది. అదే ఏడాది మిషన్లను పొగుడుతూ వచ్చిన ఇంకో పెద్ద వ్యాసాన్ని పత్రికే వెనక్కి తీసుకుంది. లెక్క వేసేటప్పుడు మిషన్ వాడినవాళ్లూ వాడనివాళ్లూ తారుమారయ్యారట. వీడియో చేసినవాళ్లు ఆ సంగతి చెప్పరు.

కాబట్టి మిషన్ కొనాల్సింది వినబడటం కోసం. మెదడుకు మేలు జరిగితే అది కొసరు.

డిండివాగు గారూ, న్యూరో డాక్టర్ దగ్గరకు పోవద్దని నేను అనను. కానీ వరస మార్చండి. జ్ఞాపకశక్తి పరీక్షలో మేము మూడు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతాం. ఆ మూడు మాటలు అసలు వినబడకపోతే గుర్తుండేదేముంది? చెవిటివాళ్లు ఆ పరీక్షలో ఊరికే తప్పుతారు. ముందు చెవి, తర్వాత మెదడు.

గద్వాల_జరీ
9 జూన్, మధ్యాహ్నం 1:52

సరే డాక్టర్ గారూ, వీడియో డిలీట్ చేశా. 😄

మిల్లు_మేస్త్రి
9 జూన్, రాత్రి 8:15

మనవడి ఫోన్ నుంచి రాస్తున్నాను. వయసు 68. మిర్యాలగూడలో రైస్ మిల్లులో 31 ఏళ్లు చేశాను. మీరందరూ చెవిటివాళ్ల గురించి రాస్తున్నారు, నేను చెవిటివాణ్ని, కొంచెం నా మాట కూడా వినండి.

ఎవరైనా మాట్లాడితే ఒకసారి "ఆ?" అంటాను. రెండోసారి "ఏందీ?" అంటాను. మూడోసారి అడగడానికి సిగ్గు. నవ్వి తలూపుతాను. ఆ తలూపుడే కొంప ముంచుతుంది. మొన్న మా చెల్లెలి కొడుకు యాభై వేలు అప్పు అడిగితే తలూపానట. వారం తర్వాత వచ్చి "మామా, ఇస్తానంటివి కదా" అని కూర్చున్నాడు. ఇప్పుడు ఇస్తే ఒక తిప్పలు, లేదంటే మతి లేనోడినని ఇంకో తిప్పలు.

పదిమంది కూర్చున్న చోట ఇంకా ఘోరం. ఒకరి మాట పట్టుకునేలోపు రెండోవాడు ఎత్తుకుంటాడు. పోయిన మాటను ముందూ వెనకా చూసి నేనే అల్లుకోవాలి. అల్లుకునేసరికి వాళ్లు ఇంకో ముచ్చటలో ఉంటారు. ఇంటికొచ్చేసరికి తల దిమ్మెక్కుతుంది. మిల్లులో బస్తాలు ఎత్తినప్పుడు కూడా ఇంత అలసట లేదు. అందుకే పోవడం మానేస్తాం. మతి లేక కాదు, ఓపిక లేక.

మీ నాయిన కంచం వదిలి ఎందుకు లేచాడో నాకు తెలుసు. తప్పు అన్నందుకు కాదు. అందరూ నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో కూడా వినబడలేదు, అందుకు.

డిండివాగు
9 జూన్, రాత్రి 8:40

కాకా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

చెవిమాట
9 జూన్, రాత్రి 9:10

కాకా, మీరు రాసిన "అల్లుకోవడం" గురించే మా పుస్తకాలు పేజీలు పేజీలు రాస్తాయి. మెదడు బలమంతా మాటను పట్టుకోవడానికే ఖర్చయితే, గుర్తు పెట్టుకోవడానికి మిగిలేది తక్కువ. పైగా మనుషుల్లోకి పోవడం తగ్గితే మెదడుకు మేత తగ్గుతుంది. చెవుడు మతిమరుపుకు దారి తీసే తోవల్లో ఈ రెండూ ఉన్నాయని అనుకుంటున్నారు. చెవినీ మెదడునీ కలిపి ముసలితనమే దెబ్బ తీస్తుండొచ్చన్నది మూడోది.

మీరు మిషన్ పెట్టుకున్నారా?

మిల్లు_మేస్త్రి
9 జూన్, రాత్రి 9:31

లేదు. పెట్టుకోను. కళ్లద్దాలు పెట్టుకుంటే పంతులు లెక్క కనిపిస్తారు. చెవిలో మిషన్ పెట్టుకుంటే చెవిటోడు అంటారు. కంటి వెలుగు క్యాంపు పెడితే ఊరంతా లైను కట్టి అద్దాలు తెచ్చుకున్నారు, ఎవరికీ నామోషీ కాలేదు. చెవికి ఏ క్యాంపూ రాలేదు, వచ్చినా ఎవడూ లైన్లో నిలబడడు.

ఇంకొకటి. మెల్లగా మాట్లాడితే నాకు వినబడదు. గట్టిగా మాట్లాడితే "ఎందుకు ఒర్రుతున్నవ్" అని కోపం వస్తుంది. కోడలికీ నాకూ రోజూ ఇదే పంచాయితీ. ఇది నా తప్పా, ఆమె తప్పా?

చెవిమాట
9 జూన్, రాత్రి 9:50

ఇద్దరిదీ కాదు. దెబ్బతిన్న చెవికి వినబడని శబ్దానికీ భరించలేని శబ్దానికీ మధ్య ఉండాల్సిన జాగా ఇరుకైపోతుంది. కొంచెం పెంచగానే మీద పడినట్టు ఉంటుంది. పైగా అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు ఇంకా మునిగిపోతాయి. కోడలమ్మకు చెప్పండి: వంటింట్లోంచి కేకేయకుండా ఎదురుగా వచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడి, మామూలు గొంతుతో కొంచెం నిదానంగా మాట్లాడమనండి. టీవీ ఆపమనండి. అర్థం కాకపోతే అదే మాట మళ్లీ మళ్లీ అనకుండా మాట మార్చి చెప్పమనండి. "పప్పు" మూడుసార్లు అన్నా "తప్పు"గానే వినబడుతుంది. "అన్నంలోకి కూర ఎయ్యాల్నా" అంటే సగం అందుతుంది.

పాలమూరు_కోడలు
10 జూన్, ఉదయం 11:25

నేను వేరే వైపు నుంచి చెప్పాలి, లేకపోతే అందరూ చెవి చూపిస్తే సరిపోతుంది అనుకుంటారు.

మా అత్తమ్మకు 79. మహబూబ్‌నగర్‌లో మా దగ్గరే ఉంటుంది. పుట్టినిల్లు మక్తల్ వైపు, తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ గలగలా మాట్లాడేది. ఆమెకు చెవుడు ఉంది. కాబట్టి మేం రెండేళ్లు ప్రతిదీ చెవుడు ఖాతాలోనే వేశాం. పేరు మర్చిపోతే "వినబడలేదేమో" అనుకున్నాం. పిలిస్తే పలకకపోతే చెవుడు. కానీ ఒకరోజు జొన్నరొట్టె చేయబోయి పిండి ముందర కూర్చుని ఉండిపోయింది. పదేళ్ల వయసు నుంచి కొట్టిన రొట్టె. నీళ్లు ముందా పిండి ముందా అని నన్ను అడిగింది. దానికి చెవులతో పనేముంది? తర్వాత కూరగాయల మార్కెట్ నుంచి ఇంటికి తోవ తెలియక ఆటోవాళ్లను అడుగుతూ నిలబడింది. అప్పుడు హైదరాబాద్ తీసుకుపోతే అల్జీమర్స్ అన్నారు.

అందుకని మా ఆయన ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతాడు. చెవులతో పని లేని పనులు చూడండి. డబ్బు లెక్క, తెలిసిన తోవ, చేతికి అలవాటైన పని, లుంగీ కట్టుకోవడం, పొయ్యి ఆపడం. వాటిలో తప్పులు వస్తే అది చెవి కాదు.

డిండివాగు
10 జూన్, రాత్రి 9:02

అక్కా, చాలా మేలు చేశారు. తమ్ముడికి ఫోన్ చేసి ఒక్కొక్కటీ అడిగాను. బత్తాయి కాయ అమ్మిన లెక్క నాయిన రాసిందే ఉంది, రూపాయి తేడా లేదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో నోటికి చెప్పాడట. మోటార్ వేయడం, ఆపడం, డ్రిప్పు వాల్వులు ఏ మడికి ఏది అన్నది తమ్ముడి కంటే ఆయనకే బాగా తెలుసు. పెళ్లి ఆదివారం అన్నది కూడా అమ్మ వాకిట్లోంచి చెప్పిందట, ఆయన దొడ్లో ఉన్నాడు.

అత్తమ్మకు మిషన్ పెట్టారా?

పాలమూరు_కోడలు
11 జూన్, ఉదయం 10:40

పెట్టాం. జబ్బు ఆగలేదు, అబద్ధం చెప్పను. కానీ ఒకటి తగ్గింది. అంతకు ముందు మేం నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే "నా గురించే గుసగుసలాడుతున్రు, నా గాజులు తీసుకున్నరు" అని రోజూ గొడవ. మిషన్ పెట్టాక అది సగానికి తగ్గింది. మాట వినబడితే అనుమానం తగ్గుతుందేమో.

ఇప్పుడు తెలుగు తగ్గిపోతోంది. చిన్నప్పటి కన్నడం పైకి వస్తోంది. నాకు కన్నడం రాదు. యూట్యూబ్‌లో నేర్చుకుంటున్నాను, ఈ వయసులో.

సూర్యాపేట_సారు
11 జూన్, ఉదయం 11:15

అమ్మా, దండం నీకు.

భాషల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనే డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో రాశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒక్క భాష వాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. అంటే బడికి పోనివాడు కూడా సంతలో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడితే మెదడుకు పని చెప్పినట్టే. మీ అత్తమ్మకు ఆ మూడు భాషలు కొన్నేళ్లు కాపలా కాసి ఉంటాయని నా ఊహ. శాస్త్రం అని చెప్పను.

మెషిన్_డీల్స్
11 జూన్, మధ్యాహ్నం 3:00

ఈ సందేశాన్ని తొలగించాం. ఇక్కడ అమ్మకాల నంబర్లు పెట్టకూడదు. – నిర్వాహకులు

డిండివాగు
16 జూన్, రాత్రి 10:30

ఒక తెలివితక్కువ పని చేశాను, తిట్టండి. పరీక్షకు టైం పడుతుందని ఆన్‌లైన్‌లో 2,200 పెట్టి ఒక మిషన్ తెప్పించి పంపాను. తమ్ముడు పెట్టగానే కుయ్యిమని కూత. నాయిన ఒక్క పూట ఓపిక పట్టి "దీంట్ల గిన్నెల సప్పుడు, నా నమిలే సప్పుడు తప్ప మనిషి మాట ఇనవడ్తలేదు" అని తీసి సజ్జ మీద పెట్టేశాడు. ఇప్పుడు పరీక్ష అంటేనే "మల్ల అదే కదా" అంటున్నాడు. పని చెడగొట్టుకున్నాను.

చెవిమాట
17 జూన్, ఉదయం 7:45

ఇది మీ ఒక్కరి కథ కాదులెండి. అలాంటివి శబ్దం మొత్తాన్నీ ఒకే లెక్కన పెంచుతాయి. ఆయనకు లావు శబ్దాలు బాగానే వినబడుతున్నాయి, అవి పెరిగితే చికాకే. పోయిన చోట మాత్రమే, పోయినంత మాత్రమే పెంచాలి. దానికి ఆయన చెవి గ్రాఫు కావాలి. గ్రాఫు చూడకుండా మిషన్ ఇస్తే అది వేరేవాళ్ల కళ్లద్దాలు పెట్టుకున్నట్టు.

"మిషన్ కోసం కాదు, చెవిలో గుబిలి (గులిమి) చూపిద్దాం" అని తీసుకురండి. అబద్ధం కూడా కాదు, చాలామందికి ముందు అదే తీయాల్సి వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. హైదరాబాద్ అయితే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం. మూసిన గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి చేసే పరీక్షే చేయించండి. గంట కొట్టి "వినబడిందా" అనేది పరీక్ష కాదు.

నల్లమల_డాక్టర్
17 జూన్, ఉదయం 8:30

గుబిలి అంటే గుర్తొచ్చింది. వేడి నూనె, వెల్లుల్లి నూనె, అగ్గిపుల్ల, బస్టాండులో చెవి శుభ్రం చేసేవాళ్లు, ఏవీ వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి పోయి చీము పడుతుంది. వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకుపోండి. ఒకప్పుడు టీబీకి ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, జెంటామైసిన్, కొన్ని క్యాన్సర్ మందులు లోపలి చెవిని దెబ్బతీస్తాయి. షుగర్ ఉందేమో చూడండి.

ఇంకొకటి అందరికీ. నెమ్మదిగా తగ్గే చెవుడు వేరు. రాత్రి పడుకుని లేచేసరికి ఒక చెవి పోతే అది అత్యవసరం. రెండు మూడు రోజుల్లోపు ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. స్టెరాయిడ్ మందులు తొందరగా మొదలుపెడితేనే తిరిగి వచ్చే అవకాశం. "చల్లగాలి తగిలింది" అని నెల ఆగి వస్తారు, అప్పటికి మా చేతుల్లో ఏమీ ఉండదు.

పాలెం_పోరడు
17 జూన్, రాత్రి 7:10

మాది నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ ఊరు. మా అవ్వకు చెవుడు కూడా ఫ్లోరైడ్ వల్లేనా?

నల్లమల_డాక్టర్
17 జూన్, రాత్రి 9:00

పళ్లకూ ఎముకలకూ అది చేసే నష్టం మనకు తెలిసిందే. చెవుడును పరీక్ష లేకుండా దాని మీద వేయకు తమ్ముడూ. అవ్వను కూడా చూపించు.

డిండివాగు
2 జులై, రాత్రి 9:55

పరీక్ష అయ్యింది. కుడి చెవిలో నిజంగానే గుబిలి గట్టిపడి ఉంది, తీశారు. తర్వాత గ్రాఫు. కుడి 56 డెసిబెల్స్, ఎడమ 61. చెవిమాట గారు చెప్పిన గుంత రెండు వైపులా ఉంది, ఎడమ వైపు ఇంకా లోతు. పనిలో ఆ చెవే రాయి తూట్లు పొడిచే యంత్రం వైపు ఉండేదట. మామూలు మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుందని అక్కడ చెప్పారు. అంటే మేం రోజూ మాట్లాడే మాట ఆయనకు గుసగుసతో సమానం. ఇన్నాళ్లూ "పలకడు, పట్టించుకోడు" అన్నాం.

న్యూరో డాక్టర్‌కు కూడా చూపించాం. ఆయన చెవికి శబ్దం పెంచే ఒక చిన్న పెట్టె లాంటి యాంప్లిఫయర్ పెట్టి అడిగాడు. ఐదు మాటల్లో నాలుగు చెప్పాడు నాయిన. వయసుకు తగ్గట్టే ఉంది, ఏడాదికి మళ్లీ రండి అన్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. రెండు చెవులకూ పెట్టాలట. ఒక్కోటి 20 వేల నుంచి లక్ష దాటి చెబుతున్నారు. ఒక షాపులో అయితే గ్రాఫు చూడకముందే లక్షా పదివేలది తీసి చూపించారు. ఏది తీసుకోవాలి?

చెవిమాట
3 జులై, ఉదయం 7:30

ఊళ్లో ఉండే మనిషికి ఫోన్‌కు కనెక్ట్ అయ్యే హంగులు అవసరం లేదు. మీరు చెప్పిన కింది ధరలో డిజిటల్ మిషన్లు ఆయన గ్రాఫుకు సరిపోతాయి. మిగిలిన డబ్బు కంటే ముఖ్యం, నాలుగైదు సార్లు తిరిగి వచ్చి సరిచేయించుకునే ఓపిక. చేతివేళ్లు మొద్దుబారితే చెవి లోపల దూరే చిన్నవి వద్దు, చెవి వెనక తగిలించేవి తీసుకోండి. కొనకముందు వారం పది రోజులు వాడి చూడనిచ్చే చోట కొనండి.

దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు 60 దాటితే కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తుంది, 2017 నుంచి నడుస్తోంది. క్యాంపులు ఎప్పుడో కలెక్టరేట్‌లో వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖలో అడగండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసినా చెబుతారు.

డిండివాగు
21 జులై, రాత్రి 10:20

పెట్టించాం. బయటికి రాగానే రోడ్డు మీద ఆగిపోయాడు. "ఈ సప్పుడేంది?" అన్నాడు. చూస్తే నా చెప్పులు. ఇంటికి పోయాక ఫ్యాన్, పేపర్ మడత, కుక్కర్, అన్నీ గొడవే. "మన ఇంట్ల ఇన్ని సప్పుళ్లున్నయా" అని గంటలో తీసేశాడు. అమ్మేమో "నలభై నాలుగు వేలు ఆ డబ్బాలో పెట్టి చూసుకుంటున్నడు" అంటోంది.

చెవిమాట
22 జులై, ఉదయం 7:15

మొదటి వారం రోజుకు గంట చాలు, ఇంట్లో, ఒక్క మనిషితో. తర్వాత వాకిట్లో. హోటల్ చివర. ఏళ్లుగా రాని శబ్దాలు ఒక్కసారి వస్తే ఏది పక్కన పెట్టాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి. నెలా రెండు నెలలు పడుతుంది. పెట్టెలో ఉన్న మిషన్ ఎవరికీ పని చేయదు, ఎంత ఖరీదైనా.

మిల్లు_మేస్త్రి
22 జులై, రాత్రి 8:00

పేకాట మొదలుపెట్టించు. నలుగురే ఉంటారు, ఎదురెదురుగా కూర్చుంటారు, మాటలు తక్కువ, అవి కూడా రోజూ అవే. నేను మానని చోటు అదొక్కటే.

పాలమూరు_కోడలు
23 జులై, మధ్యాహ్నం 12:10

కాకా చెప్పినది ఏ డాక్టరూ చెప్పలేదు. బాగుంది.

డిండివాగు
19 అక్టోబర్, రాత్రి 9:30

చాలా రోజులైంది, రాయలేదు. నాయిన మిషన్ రోజంతా పెట్టుకోడు. పొద్దున పొలానికి పోతే తీసేస్తాడు, పెళ్లిలో డీజే మోగితే తీసేస్తాడు, అమ్మ తిడితే కూడా తీసేస్తున్నాడని అమ్మ ఫిర్యాదు. సాయంత్రం నాలుగింటికి మాత్రం పెట్టుకుని హోటల్ కాడికి పోతాడు. చెట్టు కింద నలుగురు. కాకా సలహా ప్రకారం పేకలు.

పండక్కి మేం పోయాం. మా చిన్నోడు, ఆరేళ్లు, తాత పక్కన కూర్చుని బడి సంగతులు అరగంట చెప్పాడు. వాడి గొంతు సన్నం, ఇంతకు ముందు ఆయనకు అందేదే కాదు. అన్నీ విన్నాక నాయిన నా వైపు తిరిగి "వీడికి స పలకదు కదరా, త అంటున్నడు, సూపిచ్చినవా?" అన్నాడు. మేం ఇద్దరం ఉద్యోగాలకు పోతూ గమనించలేదు.

అన్నీ బాగైపోలేదు. గాలి వీస్తే మిషన్‌లో హోరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ తలూపుతాడు. ఆ తలూపుడు ఏదో ఇప్పుడు నాకు తెలుస్తుంది, పక్కకు పోయి మళ్లీ చెబుతాను.

మిల్లు_మేస్త్రి
20 అక్టోబర్, రాత్రి 8:45

మా చెల్లెలి కొడుకుకు పాతిక వేలు ఇచ్చి రాజీ పడ్డాను, మిగతాది తర్వాత అన్నాను.

అది సరే గానీ, ఆ మిషన్‌కు బ్యాటరీ ఎన్ని రోజులొస్తది? మిర్యాలగూడలో దొరుకుతాయా?

డిండివాగు
20 అక్టోబర్, రాత్రి 9:05

నాయినకు 13 నంబర్ కాకా, నారింజ రంగు స్టిక్కర్. పది పన్నెండు రోజులు వస్తుంది. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి, అప్పుడే బాగా పని చేస్తుంది. మేం ఆరు ఉన్న అట్టలు నల్లగొండలో తీసుకుంటున్నాం. మీది ఏ నంబరో పరీక్షయ్యాక చెప్పండి, ఇక్కడి నుంచి పంపుతాను.